మోసెల్ లోయ: పలక రాయి మీద ద్రాక్ష తోటలు

(భూగర్భ శాస్త్రం మీద ఆసక్తి ఉన్నవాళ్ళ కోసం పెట్టిన సాయంత్రపు సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే. ముందు ఈ మ్యాపు చూడండి. ఇది జర్మనీ పడమటి అంచు. ఇటు ఫ్రాన్స్, ఇక్కడ చిన్నగా కనిపిస్తున్నది లగ్జెంబర్గ్. మధ్యలో మెలికలు తిరిగిపోతున్న ఈ నీలం గీత మోసెల్ నది. ఫ్రాన్స్‌లో వోజ్ కొండల్లో పుడుతుంది, లగ్జెంబర్గ్ సరిహద్దు వెంట నడుస్తుంది, జర్మనీలో కోబ్లెంజ్ దగ్గర రైన్ నదిలో కలుస్తుంది. మొత్తం 540 కిలోమీటర్ల పైచిలుకు. జర్మనీలో ఈ నది ఒడ్డున, దీని ఉపనదులు సార్, రూవర్ ఒడ్డున కలిపి ఇవాళ సుమారు 8,500 హెక్టార్ల ద్రాక్ష తోటలున్నాయి. అందులో సగానికి పైగా ఒకటే రకం, రీస్లింగ్ అనే తెల్ల ద్రాక్ష.

వైన్ మంచిదా చెడ్డదా, తాగాలా వద్దా అన్నది ఇవాళ్టి విషయం కాదు. ఇవాళ నా విషయం రాయి. ఆ రాయి వల్ల ఏర్పడ్డ నేల, ఆ నేల వల్ల బతికిన పంట.

ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. మోసెల్ లోయ దాదాపు సరిగ్గా 50 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. హైదరాబాదు పదిహేడున్నర. అంటే అది ఎంత ఉత్తరాన ఉందో ఆలోచించండి. ద్రాక్షకి ఎండ కావాలి, వెచ్చదనం కావాలి, పండటానికి పొడుగాటి కాలం కావాలి. అందులోనూ రీస్లింగ్ చాలా ఆలస్యంగా పండే రకం. అక్టోబరు దాకా, ఒక్కో ఏడు నవంబరు దాకా కూడా తీగ మీదే ఉంటుంది. మరి అంత చలి ప్రాంతంలో ఇది ఎలా పండుతోంది? ఒకటి రెండేళ్ళు కాదు, రోమన్ల కాలం నుంచీ పండుతోంది. పీస్‌పోర్ట్ అనే ఊళ్ళో 1985లో పొలాల హద్దులు సరిచేస్తుంటే నాలుగో శతాబ్దపు రోమన్ ద్రాక్ష గానుగ బయటపడింది. తొట్లు, కాలువలు, అన్నీ రాతి కట్టడం. చిన్నదేం కాదు. అంత పెద్ద కట్టడం కట్టారంటే అక్కడ పండిన పంట కూడా ఆ స్థాయిలోనే ఉండి ఉండాలి కదా?

ఎలా పండుతోంది అన్నదానికి జవాబు కొండ వాలులో ఉంది. ఆ వాలు ఎక్కడి నుంచి వచ్చింది అంటే రాయి గురించి మాట్లాడాలి.

మ్యాపులో ట్రియర్ ఊరు చూడండి, ఇదిగో, ఇక్కడ. ట్రియర్‌కి ఎగువన, లగ్జెంబర్గ్ వైపు, మోసెల్ సున్నపురాయి నేలలో పారుతుంది. అక్కడ లోయ వెడల్పుగా, కొండలు మెత్తగా, గుండ్రంగా ఉంటాయి. ఆ నేలలో ఎక్కువగా ఎల్‌బ్లింగ్ అనే పాత రకం వేస్తారు. పులుపు ఎక్కువ, కాపు ఎక్కువ. ట్రియర్ దాటి కాస్త దిగువకి రండి. రాయి మారిపోతుంది. రాయి మారగానే లోయ ఇరుకైపోతుంది, కొండలు నిటారుగా లేస్తాయి, తోటల్లో ద్రాక్ష రకం మారిపోతుంది. నది అదే, వాతావరణంలో కూడా పెద్ద తేడా లేదు. మారింది కింద ఉన్న రాయి ఒక్కటే. భూగర్భ శాస్త్రం చదువుకునే పిల్లలు ఇక్కడ ఉన్నారు కదా, మీకు చెప్తున్నాను. మ్యాపులో రాతి హద్దు గీత నేల మీద పంట హద్దుగా ఇంత స్పష్టంగా కనిపించే చోట్లు తక్కువ.

ఆ రాయి పేరు స్లేటు. మనకి కొత్త రాయేం కాదు, పలక రాయి. ఈ ముక్క మార్కాపురం నుంచి తెచ్చాను. ముందు వరస నుంచి అలా చేతులు మార్చుకుంటూ వెనక్కి పంపండి. అక్షరాలు దిద్దిన పలక ఇదే. అంచు వైపు చూడండి. సన్నటి గీతలు కనిపిస్తున్నాయా? అక్కడ ఉలి పెట్టి తడితే పొర ఊడి వస్తుంది. మోసెల్ స్లేటు కూడా సరిగ్గా ఇలాగే పొరలుగా విడిపోతుంది. వయసులో తేడా ఉంది. మార్కాపురం రాయి చాలా పాతది. మోసెల్ రాయి సుమారు 40 కోట్ల ఏళ్ళ నాటిది, డెవోనియన్ కాలం అంటాం.

ఆ 40 కోట్ల ఏళ్ళ కింద అక్కడ సముద్రం. అడుగున బురద పేరుకుంది. దాని మీద ఇంకా బురద, ఇంకా బురద. ఆ బరువుకి గట్టిపడి రాయి అయింది. ఆ తర్వాత రెండు వైపుల నుంచీ భూఖండాలు దగ్గరికి జరిగి ఆ రాతిని నొక్కేశాయి. ఆ ఒత్తిడికి బురదలోని బంకమట్టి ఖనిజాలు అభ్రకం లాంటి సన్నటి రేకులుగా మారి, అన్నీ ఒకే దిక్కుకి తిరిగి సర్దుకున్నాయి. ఆ రేకుల వెంటే రాయి చీలుతుంది. చాలామంది అనుకునేట్టు ఆ చీలికలు బురద పేరుకున్నప్పటి పొరలు కావు. నొక్కుడు వల్ల వచ్చిన పొరలు. అందుకే చాలా చోట్ల అవి అడ్డంగా కాకుండా ఏటవాలుగా, కొన్ని చోట్ల దాదాపు నిలువుగా ఉంటాయి. ఈ మాట గుర్తుపెట్టుకోండి. వేర్ల దగ్గరికి వచ్చినప్పుడు మళ్ళీ పనికొస్తుంది.

ఇప్పుడు మెలికల సంగతి. ట్రియర్ నుంచి కోబ్లెంజ్‌కి నేరుగా గీత గీస్తే దగ్గర దగ్గర 100 కిలోమీటర్లు. నది వెంట వెళ్తే 190 దాకా. కొహెమ్ ఊరి దగ్గర రైలు మార్గం వేసినప్పుడు ఇంజినీర్లు నది వెంట వెళ్ళడం మానేసి కొండకే సొరంగం తవ్వారు. 1879లో తెరిచారు. సొరంగం పొడవు 4.2 కిలోమీటర్లు. అదే దూరానికి నది 20 కిలోమీటర్లకి పైగా తిరిగి వస్తుంది. ఒక్క మెలికలో అంత తేడా!

మామూలుగా నది మెలికలు ఎక్కడ తిరుగుతుంది? చదును నేలలో. బందరు వైపో, కోనసీమ వైపో అయితే అర్థం చేసుకోవచ్చు. మరి ఇంత గట్టి రాతి కొండల మధ్య మెలికలేంటి? ఇది అడగాల్సిన ప్రశ్న. జవాబు ఏంటంటే, మెలికలు ముందు వచ్చాయి, లోయ తర్వాత వచ్చింది. ఒకప్పుడు ఆ ప్రాంతం అంతా ఎత్తుపల్లాలు పెద్దగా లేని మైదానం. నది దాని మీద తాపీగా మెలికలు తిరుగుతూ పారేది. తర్వాత కింద నుంచి ఆ నేల మొత్తం పైకి లేవడం మొదలైంది. గత 8 లక్షల ఏళ్ళలో ఆ లేవడం బాగా జోరందుకుంది. నేల పైకి వస్తోంది, నది తన దారి వదలకుండా కిందికి కోసుకుంటోంది. ఫలితం, మైదానపు నది మెలికలు రెండు మూడు వందల మీటర్ల లోతున రాతిలో అచ్చుపడిపోయాయి.

నది ఒక మెలిక తిరిగినప్పుడు బయటి ఒడ్డుని కొట్టుకుంటూ పోతుంది, లోపలి ఒడ్డున ఇసుకా గులకరాళ్ళూ వదిలేస్తుంది. కాబట్టి బయటి ఒడ్డు నిటారు కొండ, లోపలి ఒడ్డు మెత్తటి వాలు. పీస్‌పోర్ట్ ఫోటో ఇది. లైటు కాస్త తగ్గించండమ్మా. ఎడమ ఒడ్డున ఈ కొండ అంతా అర్ధచంద్రాకారంగా, దక్షిణం వైపు తెరుచుకుని ఉంది. గోల్డ్‌ట్రోప్ష్‌హెన్ అనే పేరున్న తోట ఇదే. ఎదురు ఒడ్డున చూడండి, చదునుగా పరుచుకున్న నేల. మధ్యలో నది అడ్డం తప్ప రెండూ పక్కపక్కనే ఉన్నాయి. రెండింటి పంటకీ పోలికే లేదు.

నది అన్ని దిక్కులకీ తిరుగుతుంది కాబట్టి దక్షిణం వైపు చూసే నిటారు కొండ ఒక మెలికలో ఎడమ ఒడ్డున వస్తుంది, తర్వాతి మెలికలో కుడి ఒడ్డున. పడవలో వెళ్తూ చూస్తే తోటలు ఒడ్లు మారుతూ ఉంటాయి. తోట ఒడ్డు మారిన చోట చాలాసార్లు రెండో ఒడ్డున అడవి ఉంటుంది. ఉత్తరం వైపు చూసే వాలుని రైతు అడవికి వదిలేశాడు. రెండు వేల ఏళ్ళుగా వాళ్ళు కొండల దిక్కు చూసి తీసుకున్న నిర్ణయం అది.

దక్షిణం వైపు చూస్తే ఏమిటి అంత లాభం? లెక్క చూద్దాం, కష్టమేం కాదు. సెప్టెంబరు 22 ప్రాంతంలో, పగలూ రాత్రీ సమానంగా ఉన్న రోజున, మధ్యాహ్నం సూర్యుడు మోసెల్ మీద ఎంత ఎత్తులో ఉంటాడు? 90 లోంచి 50 తీసేయండి. 40 డిగ్రీలు. మధ్యాహ్నానికే 40 డిగ్రీలు! మన హైదరాబాదులో అదే రోజున 73 దాకా ఉంటాడు. ఎండ నిలువుగా తగిలిన చోట నూరు పాళ్ళు అందుతుంది అనుకుంటే, మోసెల్ దగ్గర చదును నేలకి అందేది 64 పాళ్ళు. అదే 30 డిగ్రీల వాలు, దక్షిణం వైపు చూస్తోంది అనుకోండి, దానికి 94 పాళ్ళు. అక్టోబరు మధ్యకి వచ్చేసరికి సూర్యుడు ఇంకా దిగిపోతాడు. చదును నేలకి 52, వాలుకి 88. చూశారా? సరిగ్గా పండు ముదరాల్సిన నెలలో వాలు మీది తీగకి చదును మీది తీగ కంటే ఒకటిన్నర రెట్లకి పైగా ఎండ అందుతోంది. భూమి వంపు తీసేసుకున్నదాన్ని కొండ వంపు తిరిగి ఇస్తోంది.

హైదరాబాదు చుట్టుపక్కల ద్రాక్ష తోటలు చూసినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉంటారు. అనాబ్-ఎ-షాహీ పేరు మీ పెద్దవాళ్ళకి తెలుసు. మనం ఏం చేస్తాం? పందిరి వేస్తాం. ఆకులు పైన కప్పులా పరుచుకుంటాయి, గుత్తులు నీడలో వేలాడతాయి. మనకి ఎండ మరీ ఎక్కువ, గుత్తిని కాపాడాలి. మోసెల్‌లో పందిరి ఉండదు. ఒక్కో తీగకి ఒక్కో గుంజ పాతి, కొమ్మల్ని విల్లులా వంచి దానికే కట్టేస్తారు. ప్రతి ఆకుకీ ఎండ తగలాలి. ఇంకో సౌకర్యం కూడా ఉంది. వరసల్లో ఇనప తీగెలు కట్టేస్తే మనిషి పైకీ కిందికీ మాత్రమే కదలగలడు. విడి గుంజలైతే వాలుకి అడ్డంగా కూడా నడవచ్చు. అంత నిటారు కొండ మీద అది చిన్న విషయం కాదు.

ఇక నేల. అసలు దాన్ని మట్టి అనడానికి మనసొప్పదు. నల్లటి పలక పెంకులు, వాటి మధ్య కొంచెం మట్టి. మూడు పనులు చేస్తాయి ఆ పెంకులు. పగలు ఎండకి కాగి, పొద్దు వాలాక ఆ వేడిని గుత్తుల వైపు వదులుతాయి. ఎండాకాలంలో మన ఇళ్ళ ముందు షాబాదు బండలు రాత్రి తొమ్మిదింటికి కూడా కాళ్ళకి చుర్రుమంటాయి కదా, అదే సంగతి. రెండోది, వాన నీటిని నిలవనీయవు, జర్రున లోపలికి దించేస్తాయి. మూడోది, పైన పరుచుకుని ఉంటాయి కాబట్టి లోపలి తడి ఆరిపోకుండా కాపాడతాయి. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను, చీలికలు ఏటవాలుగా, నిలువుగా ఉంటాయని. నీళ్ళు ఆ సందుల్లోకే దిగుతాయి, వాటి వెంటే తీగ వేరూ దిగుతుంది. పైన అడుగు మందం నేల ఉంటే చాలు, కింద రాతిలో వేరు మీటర్ల లోతుకి పోతుంది.

పెద్ద వాన పడితే ఆ పెంకులు జారి కిందికి వచ్చేస్తాయి. రైతులు వాటిని మళ్ళీ పైకి మోసేవాళ్ళు. వెనకటి తరాల్లో బుట్టలకెత్తి వీపు మీద మోశారు. పెంకు పోతే వేడి పోతుంది, తడి పోతుంది, కాబట్టి తప్పదు.

ఇప్పుడు నేను చాలా గట్టిగా చెప్పదలచుకున్న మాట. వైన్ గురించి మాట్లాడేవాళ్ళు తరచుగా ఒక మాట అంటారు. మోసెల్ వైన్‌లో స్లేటు రుచి తెలుస్తుంది, ఆ రాయి సారం వేరు గుండా పండులోకి వచ్చింది, అని. వినడానికి బాగుంటుంది. కానీ అలా జరగదు. రాయి నీళ్ళలో కరగదు. తీగ నేల నుంచి తీసుకునేది నీళ్ళు, నత్రజని, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం లాంటి పోషకాలు, అవీ నీటిలో కరిగిన రూపంలోనే. వైన్‌లోకి చేరేసరికి అవి నాలుకకి తెలిసేంత ఉండవు. వాసనలూ రుచులూ తయారయ్యేది ఆకులో, కాయ తొక్కలో, తర్వాత పులిసేటప్పుడు. వేల్స్‌లో ఎబరిస్ట్‌విత్ యూనివర్సిటీ భూగర్భ శాస్త్రవేత్త అలెక్స్ మాల్ట్‌మన్ ఈ విషయం ఏళ్ళ తరబడి ఓపిగ్గా చెబుతూ వచ్చారు. నేను ఆయన పక్షమే.

అయితే రాయికి ఏ పాత్రా లేదంటున్నానా? కాదు, కాదు. ఇప్పటిదాకా చెప్పిందంతా రాయి పాత్రే కదా! లోయ ఆకారం, వాలు, దిక్కు, వేడి, నీరు, ఇవన్నీ రాయి చేసినవే. రాయి రుచిగా లోపలికి రాలేదు, పంట బతికే చోటుని తయారుచేసింది. నాకైతే ఇది ఆ మొదటి కథ కంటే ఎంతో గొప్పగా అనిపిస్తుంది. ఊర్ట్‌జిగ్ అనే ఊరి దగ్గర కొండలో కొంత భాగం ఎర్రగా ఉంటుంది. ఇనుము వల్ల వచ్చిన ఎరుపు. అక్కడి తోట పేరుకి అర్థం మసాలా తోట. అక్కడి వైన్ రుచి వేరు అంటారు, కాదనను. కానీ ఆ తేడాకి కారణం వెతకాల్సింది ఎరుపు రంగులో కాదు. ఆ రాయి ఎలా విడిపోతోంది, నీరు ఎంత పట్టుకుంటోంది, వాలు ఎటు చూస్తోంది, అక్కడ వెతకాలి.

దిగువన, జెల్ ఊరు దాటాక, రాయి మళ్ళీ కాస్త మారుతుంది. స్లేటుతో పాటు గట్టి ఇసుకరాయి, అంతకంటే గట్టిదైన క్వార్ట్‌జైట్ అనే రాయి పట్టీలు వస్తాయి. అవి అంత సులభంగా అరగవు, కాబట్టి కొండ నిటారుగా, గట్లు గట్లుగా నిలబడుతుంది. అక్కడ మెట్లు కట్టకపోతే సాగు లేదు. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి గోడలు కట్టారు. ఆ గోడల సందుల్లో వేడి నిలుస్తుంది, బల్లులుంటాయి, ఎండకి తట్టుకునే మొక్కలుంటాయి. వినింగెన్ ఊరి పేరు మీదే శాస్త్రీయ నామం ఉన్న అపోలో సీతాకోకచిలుక ఉపజాతి ఒకటి బతికేది ఆ వాలుల్లోనే. తోట పోయి పొదలు కమ్మేస్తే దానికీ చోటుండదు.

ఈ తేడాలన్నీ పాతవాళ్ళకి తెలుసు. 1868లో, అప్పట్లో ఆ ప్రాంతాన్ని ఏలిన ప్రష్యా ప్రభుత్వం కింద, ట్రియర్ జిల్లాకి ఒక మ్యాపు తయారైంది. భూమి శిస్తు కోసం. ఎక్కువ ఆదాయం ఇచ్చే వాలులకి ముదురు రంగు, తక్కువ ఇచ్చేవాటికి లేత రంగు. ఆ ముదురు రంగు చోట్లని తీసుకొచ్చి ఇవాళ్టి వాలు, దిక్కు మ్యాపు మీద పెట్టండి. నది మలుపుల బయటి ఒడ్డున, దక్షిణం, నైరుతి వైపు చూసే స్లేటు కొండలే కనిపిస్తాయి. రెవెన్యూ ఉద్యోగులు గీసిన మ్యాపు అది. కానీ భూగర్భ శాస్త్రం అందులోనే ఉంది.

ఇది తలచుకున్నప్పుడే 1971 నాటి జర్మన్ వైన్ చట్టం మీద నాకు బాధ కలుగుతుంది. ఆ చట్టం నాణ్యతని ప్రధానంగా కాయలో చక్కెర ఎంత ఉంది అన్నదాన్ని బట్టి కొలిచింది, పండిన చోటుని వెనక్కి నెట్టింది. పైగా చుట్టుపక్కల ఎన్నో ఊళ్ళ తోటల్ని ఒకే పెద్ద పేరు కింద చేర్చడానికి వీలిచ్చింది. పీస్‌పోర్ట్ పేరు సీసా మీద ఉంటుంది, లోపలిది ఆ కొండది కానక్కర్లేదు. ఆ నిటారు కొండ మీద నడుం వంచిన రైతుకి ఇది అన్యాయం కాదా? 2021లో నిబంధనలు మార్చి, చోటుకి తిరిగి ప్రాధాన్యం ఇవ్వడం మొదలుపెట్టారు. యాభై ఏళ్ళు పట్టింది.

ఇక చివరిగా ఈ ఫోటో. బ్రెమ్ ఊరి పక్కన కాల్మోంట్ కొండ. యూరప్‌లో అతి నిటారు ద్రాక్ష తోటల్లో మొదటి పేరు దీనిదే. వాలు కొన్ని చోట్ల 60 డిగ్రీలు దాటుతుంది. ఇక్కడ ట్రాక్టరు ఎక్కదు. ఒంటి పట్టా మీద పాకే చిన్న మోనోరైలు ఉంటుంది, మనిషినీ బుట్టల్నీ మోస్తుంది. మిగతాదంతా చేతి పనే. కత్తిరింపు, కొమ్మ వంచి కట్టడం, ఆకు తీయడం, కోత, అన్నీ. ఒక కాలు పైకి, ఒక కాలు కిందికి పెట్టి నిలబడే చేయాలి. ఇలాంటి మెట్ల వాలుల్లో హెక్టారుకి ఏడాదికి వెయ్యి గంటల పైన పని పడుతుంది. చదును నేలలో యంత్రాలతో అందులో చిన్న భాగం చాలు. సీసా ధర మాత్రం అన్ని రెట్లు పెరగదు. అందుకే పిల్లలు వదిలేసి వెళ్ళిపోయారు. 1990ల మొదట్లో ఈ ప్రాంతంలో సుమారు 12 వేల హెక్టార్లున్న తోటలు ఇప్పుడు 8,500 దగ్గరికి వచ్చాయి. పోయినవాటిలో నిటారు వాలులు చాలా ఉన్నాయి. కాల్మోంట్ కూడా చాలా భాగం బీడు పడింది. తర్వాత కొందరు రైతులు పట్టుదలగా పొదలు నరికి, గోడలు నిలబెట్టి, మళ్ళీ తీగలు నాటారు.

ఈలోగా ఎండ లెక్క కూడా మారుతోంది. ఇందాక చెప్పిన 64, 94 అంకెలు మారవు, సూర్యుడి కోణం అదే. గాలి వేడెక్కింది. ఒకప్పుడు కాయ పండితే చాలనుకున్న చోట ఇప్పుడు కాయ మాడిపోతోంది అంటున్నారు. వేసవిలో లేత తీగలకి నీళ్ళు పెట్టాల్సి వస్తోంది. వెనకటి కాలంలో మరీ చల్లన అని తక్కువగా చూసిన సార్ లోయ పక్కవాగుల వైపు, కొండ పైభాగాల వైపు రైతులు ఇప్పుడు ఆసక్తిగా చూస్తున్నారు. అక్కడా స్లేటే, వాలు దిక్కు మాత్రం వేరు. ఆ 1868 మ్యాపుని ఇవాళ మళ్ళీ గీస్తే ముదురు రంగు కొన్ని చోట్ల జరగాల్సి వస్తుంది. ఎక్కడెక్కడ జరుగుతుందో చెప్పాలంటే వాలు, దిక్కు, రాతి చీలికల్లో నిలిచే తడి, ఈ మూడూ తోట తోటకీ కొలవాలి. ఇక్కడున్న పిల్లల్లో ఎవరికైనా ఆ పని మీద ఆసక్తి ఉంటే, మార్కాపురం రాళ్ళ మీద ఆ తడి కొలిచే పద్ధతి ఇక్కడే నేర్చుకోవచ్చు. సభ అయ్యాక నన్ను కలవండి. ఇక ప్రశ్నలు అడగండి.